ఊడిన పన్నుకు బహుమతి

ఉంబురానా పల్లె,
జూన్ 25, పండుగ మర్నాటి ఉదయం

జొసేలియాకు,

నువ్వు ఏడేళ్ల పిల్ల నోరు మూయించావు. బడంతటి చేతా చప్పట్లు కొట్టించి మరీ మూయించావు.

కుశలం అడక్కుండా ఉత్తరం మొదలుపెడితే మీ అమ్మ నా చెవి మెలిపెట్టేది. ఆవిడ మీద గౌరవంతో అడుగుతున్నాను. క్షేమమేనా? చలికి మోకాలు సలపడం తగ్గిందా? ఇక్కడ మేమంతా బాగున్నాం. మా అక్క కితేరియా నిన్ను అడిగినట్టు రాయమంది. మార్చిలో పునీత జొసే రోజున వాన పడింది, ఆ రోజే మొక్కజొన్న విత్తనం వేశాం, పునీత జొవావ్ పండుగ వేళకి పొత్తులు పాలు పోసుకున్నాయి. మర్యాద అయిపోయింది. ఇక విషయానికి వస్తున్నాను.

ఫోన్లో నా నంబరు ఆపేశావని తెలుసు. తల్లిదండ్రుల గ్రూపులో నేను పెట్టిన నాలుగు మాటలకే నీకు తల తిరిగింది. కాగితాన్ని అలా ఆపలేవు. పాలవ్యాను నడిపే అదౌతో దీన్ని నీ చేతికే ఇస్తానని ఒట్టేశాడు. చించేస్తే చించెయ్, కానీ చదివి చించు.

జరిగింది మొదట్నుంచీ చెప్తాను. నువ్వు ఇప్పటికే దాన్ని నీకు నచ్చినట్టు గుర్తుపెట్టుకుని ఉంటావు.

నువ్వు హెడ్‌మాస్టరమ్మగా ఉన్న బడిలో జూన్ పండుగ. పట్నం పిల్లలకి పల్లెటూరి వేషాలు. మంచి ప్యాంట్ల మీద జిగురుతో అతికించిన అతుకులు, బుగ్గల మీద పెన్సిల్ చుక్కలు, ఊడిపోయినట్టు కనబడటానికి ముందు పన్నుకి నల్లటి మసి. చివర్లో 'ఉత్తమ బైతు' పోటీ. మా అక్క మనవరాలు జాసియారాకి ఈ వేషాల సంగతి తెలియదు. పండుగంటే ఉన్నవాటిలో మంచివి వేసుకోవాలని తెలుసు, అంతే. అమ్మమ్మ కుట్టిన పూల గౌను, రెండు జడలు, గడ్డి టోపీ. దాని తల్లి లూసిక్లెయిడి కుట్టుపని నుంచి సెలవడిగి వచ్చి, రిబ్బన్లు వంకరగా ఉన్నాయని విప్పి మళ్లీ కట్టిందట. అంత ముస్తాబు చేసి పంపిన పిల్లకి మొదటి బహుమతిగా చాక్లెట్ల డబ్బా ఇచ్చారు. ఉత్తమ బైతు.

పిల్ల పరుగెత్తుకుంటూ వేదిక ఎక్కింది. అందంగా ఉన్నందుకు ఇచ్చారనుకుంది. నువ్వు మైకు దాని మూతి దగ్గర పెట్టి, ఏ ఊరమ్మా నీది అన్నావు. అది మన యాసలో మన ఊరి పేరు చెప్పి, మా అమ్మమ్మకి మేకలున్నాయి, ఒకదానికి కొమ్ము విరిగింది అని కూడా చెప్పింది. జనం పగలబడి నవ్వారు. ఎంత బాగా చేస్తోందో చూడండి అన్నావు నువ్వు. పైగా చేతిరుమాలు తీసి, మసి భలే పూశారే, ఎవరు పూశారు తల్లీ అంటూ దాని నోట్లో పెట్టి తుడిచావు. రుమాలు తెల్లగానే వచ్చింది. అక్కడ పన్నే లేదు జొసేలియా. పాలపన్ను, అంతకు ముందు వారమే ఊడింది. అక్కడైనా ఆగి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. అబ్బో, ఇది అసలు సరుకే అన్నావు, మైకులో.

లూసిక్లెయిడి కూడా చప్పట్లు కొట్టిందట. ఏం చెయ్యాలో తెలియక కొట్టాను పిన్నీ అని నా దగ్గర ఏడ్చింది.

నువ్వేమంటావో నాకు తెలుసు. సంప్రదాయం అంటావు. మన చిన్నప్పుడు మనం అతుకుల గౌన్లు వేసుకోలేదా అంటావు. వేసుకున్నాం. వేరే గౌను లేక వేసుకున్నాం. ఈ పండుగ ఎవరిదో చెప్పు. మొక్కజొన్న చేతికొచ్చిందని, ఈ ఏడాదికి గట్టెక్కామని, పండించినవాళ్లు మంట వేసుకుని దాని చుట్టూ కూర్చునే పండుగ. పండించినవాడిని వేషంగా తొడుక్కుని, వాడి పొత్తులే ఉడకేసుకు తింటూ, వాడి పళ్లని చూసి నవ్వడం ఏ సంప్రదాయం? పల్లెల్లో పళ్లు ఎందుకు ఊడతాయో నీకు తెలియదా? పంటి డాక్టరు ఎంత దూరంలో ఉంటాడో మీ పిల్లలకి లెక్కల పరీక్షలో ఇవ్వు. మీ నాన్న నవ్వొచ్చినప్పుడల్లా టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. అలాంటి టోపీలు ఇప్పుడు మీ బడి గేటుకి అలంకారం.

ప్రేమతోనే అన్నాను అంటావు. ఫీజు లేకుండా చేర్చుకున్నది నేను కాదా అంటావు. నువ్వే. అందుకు కృతజ్ఞతలు చెప్పాలి, వేరే ఉత్తరంలో చెప్తాను. సీటు ఇచ్చినవాళ్లకి నవ్వే హక్కు కూడా దఖలు పడుతుందని ఎక్కడ రాసి ఉందో చూపించు.

సెలవులివ్వగానే పిల్లని ఇక్కడికి తీసుకొచ్చారు. బస్సు దిగేటప్పుడే నోటికి చెయ్యి అడ్డం. మొదట్లో పెదాలు కదలకుండా, టీవీలో వార్తలు చదివే ఆవిడలాగా, ఒక్కో మాటా కడిగి ఆరేసినట్టు మాట్లాడింది. మంచినీళ్లు కావాలి. నిద్ర వస్తోంది. మర్నాటికి అదీ లేదు. తల ఊపడమే. పూల గౌను మంచం కింద, మేకల తాడు వెనక దాచేసింది. అమ్మమ్మ దగ్గర కూర్చుని, బంగారం, ఒక్క మాట చెప్పవే, తిట్టే అయినా సరే చెప్పవే అని బతిమాలితే కూడా ఊహూఁ.

మన జూన్ పొద్దు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను, మీ వీధిలో అది కనబడదు. తెల్లవారినా తెల్లవారనట్టే ఉంటుంది. మంచు చేనులోకి దిగి, అక్కడే పడుకుని, లేవనంటుంది. మొక్కలు నడుము దాకా కనిపించవు, పైన కంకులు మాత్రం ఎవరో నీళ్లలో నిలబడ్డట్టు తేలుతుంటాయి. పండుగ రోజు పొద్దున్నే పిల్లల్ని తీసుకుని పొత్తులు విరవడానికి వెళ్లాం. నాలుగడుగులు వేస్తే పక్కవాళ్లు మాయం. టప్‌మని పొత్తు విరిగిన చప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు, ఎక్కడో కుక్క గొలుసు చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. మా చిన్నతమ్ముడి మనవడు బియూ, ఐదేళ్లవాడు, చిన్నమ్మమ్మా నేను చచ్చిపోయానా, నా కాళ్లు కనబడటం లేదు అని కేకేశాడు. కాళ్లు కనబడకపోయినా నోరు పనిచేస్తోందిగా, బతికే ఉన్నావులే అన్నాను. జాసియారా నా కొంగు పట్టుకుని నడిచింది. ఆ మంచులో ఎవరికీ ఎవరి మొహమూ కనబడదు. అప్పుడు మాత్రం అది నోటి మీంచి చెయ్యి తీసిందని, తీసి చల్లగాలి పీల్చిందని, వినిపించింది.

అంతకు ముందు రెండు రోజులూ వసారాలో జెండాలు చేశారు. కర్రపెండలం పిండి డబ్బాలో ఉడకేసి జిగురు, పాత పత్రికలు, తోకలాగా చీలిక కత్తిరించిన ముక్కలు, వాకిలి నుంచి మామిడిచెట్టు దాకా దారం. రంగు కాగితాలు అయిపోతే బియూ నా గదిలోంచి నేను రాసే యూనియన్ పత్రిక కట్టలు ఈడ్చుకొచ్చాడు. భూమి పంపకం మీద నేను రక్తం ఉడుకెత్తి రాసిన సంపాదకీయం ఇప్పుడు తోరణమై గాలికి ఊగుతోంది. ఇంతమంది తలెత్తి చూడటం దానికి ఇదే మొదటిసారి కదూ అని మా అక్క. నేను జవాబు చెప్పబోతే, వంటింటి పక్కన వాదించకు, నీ గొంతు వింటే కాంజికా పేరుకోదు, అవతలికి పో అని తరిమేసింది. నీకు గుర్తుండే ఉంటుంది, పాలపొత్తుల రసం, కొబ్బరిపాలు, పంచదార పోసి గరిటె తిప్పుతున్నంతసేపూ ఆ కుండ దగ్గర ఎవరూ గొడవపడకూడదు. పడితే నీళ్లు నీళ్లుగా మిగిలిపోతుంది. ఇది మూఢనమ్మకమని నేను వ్యాసం కూడా రాశాను. ఆ ఏడాది కాంజికా నిజంగానే పేరుకోలేదు, ఆ సంగతి అక్క చచ్చేదాకా మర్చిపోదు.

కాబట్టి నేను పిల్లలతో పెరట్లో పడ్డాను. పొత్తు మొదలు చుట్టూ కోసి, డొప్పలు చిరక్కుండా విప్పాలి. వెడల్పువి దొన్నెలకి, సన్నవి చీరి కట్టుతాళ్లకి. పీచు తీయడం పిల్లల పని. బియూ ఆ పీచు మూతికి అంటించుకుని మీసం మెలేస్తూ, నేను ప్రెసిడెంటుని, అందరూ నాకు ముద్దు పెట్టండి అని తిరిగాడు. మేకులతో పొడిచిన రేకు మీద పొత్తులు రుద్దుతుంటే తెల్లటి పాలు మోచేతుల దాకా కారాయి. పెరడంతా పచ్చివాసన, కొబ్బరివాసన, తడిసిన కట్టెల పొగ. ఆ పొగ కూడా పైకి పోదు, మంచులో కలిసి మోకాళ్ల చుట్టూ తిరుగుతుంది. అందులో కూర్చుంటే ఏ ఏడాది జూన్‌లో ఉన్నామో తెలియదు. గోడవతల నుంచి మీ అమ్మ, ఒసే అల్దెనోరా, మా జొసేలియా మీ ఇంట్లో ఉందా అని పిలుస్తుందేమో అనిపించింది. నేను జవాబు చెప్పడానికి తల కూడా తిప్పాను.

తర్వాత పమోన్యాలు కట్టడం. ఇది చెప్పడానికే ఇంతసేపూ రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు.

డొప్పని దొన్నెలా మడిచి రెండు చేతులా పట్టుకుంటే తురిమిన పొత్తుల పిండి పోస్తారు. మూతి మడిచాక ఆ రెండు చేతులూ తీయడానికి లేదు, తీస్తే కారిపోతుంది. కట్టుతాడు ఒక కొస వేళ్ల సందున, రెండోది పళ్ల మధ్య పెట్టి లాగాలి. మనందరం అలాగే కట్టాం, నువ్వూ అలాగే కట్టావు. అక్క ముందు పళ్లు పోయాయి, చిగుళ్లతో పట్టదు. నేను కట్టుడు పళ్లు పెట్టించుకున్నాను, గట్టిగా లాగితే ఊడి పిండిలో పడతాయని భయం. బియూ పళ్లు పిల్లి పళ్లు, లాగినప్పుడల్లా తాడు తెగ్గొరుకుతున్నాడు. వాడు కట్టినవి మరిగే నీళ్లలో వేస్తే మూతులు విచ్చుకుని కుండంతా పిండే.

జాసియారా చాలాసేపు చూసింది. ఒక చేత్తో నోరు మూసుకుని, ఇంకో చేత్తో దొన్నె పట్టుకుని, అలా కట్టగలనేమో అని రెండుమూడు చేసి చూసింది. ఒళ్లో అంతా ఒలికింది. బియూ ఏదో అనబోతే వాడి కాలు తొక్కాను. చివరికి అది చెయ్యి తీసి, దొన్నె రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచింది. తాడు ఆ సందులో సరిగ్గా దూరింది. అటూ ఇటూ ఉన్న పళ్లు పక్కల నుంచి ఒత్తి పట్టాయి. తెగడానికి ఎదురు పన్ను లేదు. లాగింది. ముడి బిగిసింది. అక్క ఆ పమోన్యాని తలకిందులు చేసి ఆడించి చూసి, ఒక్క చుక్క కారలేదు, ఇలాంటి కట్టు మా అమ్మే కట్టేది అని పిల్ల తల మీద చెయ్యి వేసింది.

ఆ తర్వాత మధ్యాహ్నం ఎలా గడిచిందో నాకే తెలియదు. మేం మడుస్తుంటే అది కడుతోంది. ముడి తర్వాత ముడి, పక్కన ఆకుపచ్చటి కుప్ప. నోరు తెరిచి ఉందన్న సంగతే మర్చిపోయింది. బియూ మళ్లీ ఒకటి సొంతంగా కట్టి, అది కుండలో పేలేసరికి, మన యాసలో, ఊరంతా వినబడేలాగా అరిచింది: ఒరే దరిద్రుడా, కట్టమంటే నములుతావేంట్రా, మేక పుట్టుక పుట్టావా!

అక్క గరిటె ఆపలేదు. ఆపితే కాంజికా అడుగంటుతుంది. తిప్పుతూనే ఏడ్చింది.

పళ్లేల్లో పోసిన కాంజికా మీద పిల్లలు కాగితం చీలికలు పరిచి దాల్చిన చెక్క పొడి చల్లారు. కాగితం ఎత్తితే పక్షులు, చుక్కలు, బియూ వేసిన బొమ్మ ఒకటి మేకో విమానమో తేలలేదు. చీకటి పడుతుండగా వాకిట్లో మంట వేశాం. నిప్పురవ్వలు పైకి లేచి మంచులో తేమకి ఆరిపోతుంటే, నిద్రలో ఎవరో కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నట్టు ఉంది.

మంట దగ్గర ఏం చేస్తామో నీకు తెలుసు. ఇద్దరు చేతులు పట్టుకుని చుట్టూ తిరిగి, జొవావ్ చెప్పాడు, పేద్రో ఒప్పుకున్నాడు, ఇక మనం చుట్టాలం అంటే, ఆనాటి నుంచి నిప్పుచుట్టాలు. రక్తసంబంధం కంటే గట్టిది. నిప్పుచుట్టాలు ఒకరినొకరు కొట్టుకోవచ్చు, అప్పులెగ్గొట్టుకోవచ్చు, వెక్కిరించుకోకూడదు. ఉంబురానాలో అది చట్టం. జాసియారా బియూతో చుట్టరికం కలుపుకుంది. తిరగడం అవ్వగానే వాడు, ఇంక నన్ను మేకా అనకూడదు అన్నాడు. అది ఒప్పుకుంది, పాపం, కష్టంగానే.

తర్వాత నా దగ్గరికి వచ్చి, చిన్నమ్మమ్మా, నీకు నిప్పుచుట్టం ఎవరు అని అడిగింది. చెప్పక తప్పలేదు. మీ హెడ్‌మాస్టరమ్మే అన్నాను. నీకూ నాకూ పదకొండేళ్లప్పుడు, మీ నాన్న వేసిన మంట చుట్టూ. పిల్ల మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలిసింది: అయితే ఆవిడ మన మనిషే కదా, మరి ఎందుకు నవ్వింది? జవాబు నీ దగ్గరుంటే రాయి.

నేను మాత్రం తేల్చుకున్నాను. ఇక్కడ దాని నోరు తెరుచుకుంది, ఇక్కడే ఉంటుంది. మన ఊరి బడికి ఒకే టీచరు, వానొస్తే నల్లబల్ల తడుస్తుంది. తడవనీ. ఊడిన పన్నుకి బహుమతులిచ్చే బడి కంటే అదే మేలు. జూలైలో జాసియారా మీ బడికి రాదు. అక్కకి చెప్పాను, లూసిక్లెయిడికి కబురు చేస్తాను. ఈ తీర్పు మీద అప్పీలు లేదు.

నిన్ను వెక్కిరించే హక్కు లేదు కాబట్టి ఇంత మర్యాదగా రాసిన
నీ నిప్పుచుట్టం
అల్దెనోరా

తా.క. కవరు అంటించబోయే ముందు ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. జాసియారా వసారా బల్ల కింద జెండాల దారం చుడుతోంది, ఆ సంగతి నేను చూసుకోలేదు. తీర్పు దగ్గరికి రాగానే బయటికొచ్చింది. నేను బడి మానేస్తున్నానని నీకెవరు చెప్పారు అంది. నేనే అనుకున్నాను తల్లీ అన్నాను. అయితే నువ్వు మానెయ్ అంది. అక్క గరిటెతో సహా నవ్వింది.

కాబట్టి నిజం రాస్తున్నాను. బడి మాన్పించాలన్నది నా కోపానికి పుట్టిన ఆలోచన. పిల్లని నేను ఒక్కసారి కూడా అడగలేదు. వాళ్ల టీచరు రోజూ చదివే కథలో చిరుతపులి బావిలో పడి ఉందట, బయటికి వచ్చిందో లేదో తెలియాలట. మరి ఇన్నాళ్లూ ఎందుకే మాట్లాడలేదు అంటే, ఇక్కడ కూడా చప్పట్లు కొడతారేమోనని అంది. కాబట్టి జూలైలో అది మీ బడికి వస్తుంది, షరతుల మీద. నీ కోసం నేను రాసి పెట్టుకున్న షరతులు వేరే ఉన్నాయి, మూడు పేజీలు. వాటిని చూసి, ఇవి ఎవరికీ అర్థం కావు అని పక్కన పెట్టేసింది. కిందివి అది చెప్పగా రాసినవి. ఒకటి రెండు మాటలు దిద్దబోతే కాగితం లాక్కుంది.

1. బహుమతి వెనక్కి తీసుకోవాలి. డబ్బా పంపిస్తున్నాను. చాక్లెట్లు బియూ తినేశాడు.

2. 29న పునీత పేద్రో మంటకి మీరు మా ఊరు రావాలి. నాతో చెయ్యి పట్టుకుని తిరగాలి.

3. బడి తెరిచాక మా క్లాసు వాళ్లందరూ నాతో తిరగాలి. మంట వద్దంటే కొవ్వొత్తి చాలు.

4. వచ్చే ఏడు ఎవరూ పళ్లకి మసి పూయకూడదు. టోపీ పెట్టుకోవచ్చు. టోపీ బాగుంటుంది.

5. చిరుతపులి కథ నేను వచ్చేదాకా చదవకూడదు.

6. నా నోరు ముట్టుకునే ముందు నన్ను అడగాలి.

7. బహుమతి తీసుకున్నప్పటి నా ఫొటో బడి గోడ మీంచి తీసెయ్యాలి. కొత్తది తీయండి. నేను నోరు తెరిచే ఉంటాను.